అంగుళం జాగా

వీరేందర్ తలుపు తీసేసరికి, వరండాలో గోడకు ఆనించిన నాలుగు చెక్కల్లో మూడు సరిగ్గా నడిమికి విరిగి పడి ఉన్నాయి.

ఆదివారం, డ్యూటీ లేదు. పది గంటలకు గోదావరిఖని కాలనీ కమ్యూనిటీ హాల్లో, వెల్ఫేర్ ఆఫీసర్ అనసూర్య మేడం ముందు అతను చెక్క విరవాలి. విరిగితే రోజూ సాయంత్రం హాలు అతని కుంగ్‌ఫూ క్లాసుది. విరగకపోతే క్యారమ్స్ క్లబ్బుది. అప్పుడు అతని ఇరవై రెండు మంది పిల్లలు ఎప్పటిలాగే వాటర్ ట్యాంకు పక్కన బొగ్గు దుమ్ములో ఎగరాల్సిందే.

విరిచేది మామూలు దెబ్బతో కాదు. చైనావాళ్ల అంగుళం దెబ్బతో. పిడికిలి చెక్కకు అంగుళం దూరంలో ఉంటుంది. చేయి వెనక్కి లాగడం ఉండదు. కదిలినట్టే కనిపించదు, చెక్క మాత్రం రెండవుతుంది. ఆ వీడియో వీరేందర్ ఫోన్లో వెయ్యిసార్లు చూశాడు. చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరించింది. అయితే ఓపెన్‌కాస్టు గనిలో వంద టన్నుల డంపర్ నడిపే ఆ చేతులకు ఇంతవరకూ అట్టపెట్టె కూడా లొంగలేదు. అందుకే నాలుగో చెక్కకు వెనకవైపు రంపంతో సగం దాకా కోసి, కోత కనబడకుండా మైనం పూశాడు. మిగతా మూడూ జనం తట్టి చూసి మెచ్చుకోవడానికి.

ఇప్పుడు కోసిన చెక్క నిక్షేపంగా ఉంది. గట్టివి మూడూ విరిగాయి. గొడ్డలి గాటు లేదు, సుత్తి మచ్చ లేదు. వీటిని విరిచింది మనిషేనా?

"మామ నీళ్లు కాగబెట్టుకునేటందుకు కట్టెలు లేవని నిన్నటిసంది ఒకటే గునుసుడు" అంటూ బయటికొచ్చిన జమున టక్కున ఆగిపోయింది. "ఏందయ్యా గిది? మూడూ నువ్వే ఇరగ్గొట్టినవా?"

ఆరు నెలలుగా "గాలిల గుద్దుడు" అని ఎగతాళి చేసిన భార్య కళ్లలో మొదటిసారి భయభక్తులు కనిపించాయి. కాదని చెప్పడానికి వీరేందర్ నోరు తెరిచాడు. "ఊకె... అట్ల చెయ్యి పెట్టి చూసిన" అన్నాడు.

అంతే. జమున నల్లా దగ్గర చెప్పింది. నల్లా నుంచి చాయ్ హోటలుకు చేరేలోపు మూడు చెక్కలు ముప్పై అయ్యాయి. హోటలు నుంచి బస్టాండుకు పోయేసరికి వీరేందర్ ఇనుప దర్వాజాకు బొక్క పెట్టాడు. పది గంటలకు హాల్లో కాలు పెట్టే జాగా లేదు.

పక్క క్వార్టర్ భూపాల్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అతని చంకలో రెండు వేళ్ల మందం టేకు పలక ఉంది. "అన్నా, నువ్వు తెమ్మన్న గా పల్చటి చెక్క నీకు ఇజ్జత్ తక్కువ. దాన్ని మీ ఇంట్లనే ఇడిసిపెట్టొచ్చిన. మా అల్మార అర ఊడబీకి తెచ్చిన, కొట్టు!"

వీరేందర్ గుమ్మం వైపు తిరిగాడు. "ఇంటికి పోయి గదే తెస్త తమ్మీ..."

"ఫికర్ చెయ్యకు. అల్మార పోతె పోనీ!"

భూపాల్ పలకను రెండు చేతులా పట్టి నిలబడ్డాడు. వీరేందర్ పిడికిలి అంగుళం దూరంలో పెట్టి, కళ్లు మూసుకుని కొట్టాడు. టప్‌మన్నది. పలక కాదు, వేలి కణుపు. రెండోసారి పిల్లలు చప్పట్లు ఆపేశారు. మూడోసారి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. క్యారమ్స్ క్లబ్బువాళ్లు బోర్డు నెత్తిన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేశారు. అనసూర్య మేడం పెన్ను తీసింది.

"జర జరుగు బిడ్డా."

వెనక నుంచి ఆగయ్య వచ్చాడు. వీరేందర్ తండ్రి, రిటైరైన బొగ్గు కార్మికుడు, డెబ్బై దగ్గర పడిన బక్క మనిషి. పలకను కణుపుతో నాలుగుచోట్ల తట్టి చెవి పెట్టాడు. గనిలో పైకప్పును రాడుతో తట్టి, మోగితే గట్టిదని, బొదబొదమంటే ఊడిపడుతుందని తెలుసుకున్న చెవి అది. ఐదోచోట ఆగాడు. అంగుళం దూరంలో పిడికిలి నిలిపాడు.

ఫట్!

భూపాల్ రెండు చేతుల్లో రెండు ముక్కలున్నాయి.

వీరేందర్ పిడికిలిని చూడలేదు, తండ్రి మడమను చూశాడు. మడమ వెంట్రుకవాసి లేచింది. అక్కడ పుట్టిన కదలిక నడుముకు, నడుము నుంచి భుజానికి పాకింది. పిడికిలి దగ్గరికొచ్చేసరికి పిడుగైంది. వెయ్యిసార్లు చూసినా ఫోను చెప్పని రహస్యం, రోజూ తన పక్కన కూర్చుని అన్నం తింటోంది!

మేడం లేచి నిలబడింది. "పెద్దయ్యా, ఇది మీకెవరు నేర్పారు?"

"ఎవలు నేర్పుతరు మేడం? బెల్లంపల్లి బొగ్గు బాయిల మా సీము, గదే బొగ్గు పొర, మూడు ఫీట్ల ఎత్తు. పక్కకు పండుకోనే బొగ్గు తియ్యాలె. చెయ్యి ఎనుకకు గుంజితె మోచెయ్యి రాయికి తాకేది. ఉన్నది అంగుళం జాగ. గా అంగుళంలనే కొట్టినం."

మేడం కాగితం మీద రాసుకుంది. "హాలు రేపటి నుంచి మీ క్లాసుదే. గురువు పేరు ఆగయ్య."

క్యారమ్స్ బోర్డు వెనక్కి తిరిగింది. వీరేందర్ తండ్రి చేతిని తన వాచిన చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. అప్పుడు తట్టింది అతనికి.

"బాపూ... పొద్దుగాల వరండాల చెక్కలు..."

ఆగయ్య నెత్తి గోక్కున్నాడు. "నేనే ఇరగ్గొట్టిన బిడ్డా. మేం డ్యూటీ దిగంగ పొయ్యిలకు దుంగముక్కలు తెచ్చేటోళ్లం, నువ్వు గూడ గట్లనే తెచ్చినవనుకున్న. మూడు ఇరిచి, చాయ్ తాగొచ్చేసరికి లొల్లి లొల్లి ఉండె, చెప్పుడు కాలే. నాలుగోది మాత్రం నేను ముట్టలే. ఎనుక రంపం కోత పెట్టి మైనం పూసి ఉన్నది, ఎవలో చేతగానోడు దాసుకున్నట్టుండె."