పన్నెండో నంబరు కనురెప్ప

మనుషులందరూ సమానమేనని చెప్పిన పెద్దలు చాలామందే ఉన్నారు గానీ, ఆ మాటను ప్రయోగశాలలో నిరూపించి, స్టాంపు గుద్ది, ఫైల్లో పెట్టి తాళం వేసిన ఘనత మాత్రం మా కంపెనీదే. మేం కనురెప్పలకు వేసుకునే రంగుల పెట్టెలు తయారుచేస్తాం. పెట్టెకి తొమ్మిది గళ్లు, గడికో రంగు పొడి. బజారుకి వెళ్లే ముందు ప్రతి పెట్టె ఏ చర్మం మీదైనా ఒకేలా మెరుస్తుందని మా సర్వచర్మ సమదర్శన విభాగం ధ్రువీకరించాలి. అక్కడ ఫారాలు టైపు చేసేది నేను. (సమదర్శనమంటే అందరినీ సమానంగా చూడటం. చూసేది ఎవరో నిబంధనల్లో రాయలేదు.)

లోకంలో చర్మాలు ఎన్ని రంగుల్లో ఉన్నా, ఫారం మీద గళ్లు పన్నెండే పట్టాయి. కాబట్టి మనుషుల రంగులు పన్నెండని విభాగం తేల్చింది. ఒకటో నంబరు పాలమీగడ, పన్నెండోది బాగా వేగిన కాఫీ గింజ. నంబరుకో ఉద్యోగిని. వాళ్ల పనల్లా కళ్లు మూసుకుని కూర్చోవడం. (కళ్లు మూసుకుని జీతం తీసుకునేవాళ్లు ఏ ఆఫీసులోనైనా ఉంటారు. మా దగ్గర దాన్ని నియామకపత్రంలో రాసి మరీ ఇస్తారు.) పేరు పెట్టి పిలిస్తే పక్షపాతం వస్తుందని నంబర్లతోనే పిలుచుకోవాలి. "నాలుగు పుట్టింటికి వెళ్లింది, తొమ్మిదికి జలుబు" అని ఎవరైనా అంటే మేం కంగారుపడం.

పన్నెండో నంబరు మా చెల్లెలు. అది చేరకముందు ఆ కుర్చీ ఐదేళ్లు ఖాళీగా ఉంది. అన్నాళ్లూ పన్నెండో గడిలో "పదకొండు చూడుడు" అని టైపు చేసేదాన్ని. నేనే మా విభాగాన్ని నడిపే పెద్దమేడం కాళ్లావేళ్లా పడి దాన్ని చేర్పించాను. ఆరు నెలలు పరీక్షాకాలం, ఆఖరి రోజున కొత్త పెట్టె మీద దాని ఫారం శుభ్రంగా వస్తే ఉద్యోగం ఖాయం. చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతి అత్తా, ప్రతి పిన్నీ "దీనికి ముదురు రంగు బట్టలు కుట్టించకండే" అని చెప్పి కాఫీ తాగి వెళ్లేవాళ్లు. అలాంటిదానికి ఒంటి రంగు చూసి ఉద్యోగమిచ్చారు. మొదటి రోజు అది అద్దం ముందు నుంచి ఎంతకీ కదల్లేదు. నాకైతే కడుపు నిండిపోయింది.

ఆఖరి రోజు రానే వచ్చింది. కొత్త పెట్టె పేరు "అందరికీ". అట్ట మీద బంగారు అక్షరాలతో అప్పటికే అచ్చయిపోయింది. పరీక్ష ఒక్కటే మిగిలింది.

ఒకటి నుంచి ఐదు దాకా రంగులు నెమళ్లలా ఆడాయి. ఆరు నుంచి కాస్త నీరసించాయి. కనబడకపోవడం అనే మాట మా అనుమతించిన పదాల జాబితాలో లేదు కనుక, ఆరో నంబరుకి "మృదువు" అనీ, ఎనిమిదికి "చాలా మృదువు" అనీ, పదకొండుకి "అతి మృదువు" అనీ కొట్టాను. పన్నెండుకి గులాబీ రంగు వేస్తే బూడిదలా తేలింది. నీలం వేసినా బూడిదే. బంగారం రంగు కొంచెం నయం, పాత బూడిదలా ఉంది.

"వెళ్లి ముఖం కడుక్కుని రామ్మా," అన్నారు పెద్దమేడం.

"కడుక్కునే వచ్చానండీ."

"మళ్లీ కడుక్కో."

నాలుగుసార్లు కడుక్కుంది. (పద్నాలుగో నిబంధన: ఫలితం రానప్పుడు మొదట చర్మాన్ని అనుమానించవలెను.) ఐదోసారికి పొడులు కలిపే ఆయన్ని పిలిపించారు. ఆయన వేలితో పొడి నలిపి చూసి, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"అమ్మాయి చర్మం ఏం చేస్తుంది మేడం? సుద్ద ఎక్కువ పడింది. అది తగ్గించి రంగు పెంచితే పన్నెండు మీదా తేలుతుంది. ఒక్క పూట పని."

పొడి మార్చాలంటే ఏడు సంతకాలు కావాలి. చర్మాన్ని మార్చాలంటే ఏ సంతకమూ అక్కర్లేదు. అందుచేత పన్నెండు కనురెప్పకి ముందు తెల్లపూత పూసి, దాని మీద రంగు వేయమని ఆదేశించారు. రంగులు భేషుగ్గా వచ్చాయి.

"ఇప్పుడు నేను పన్నెండు కాదు కదండీ, ఒకటి అయిపోయాను," అంది చెల్లెలు. ఈ మాటను "ఉద్యోగిని సందేహం" అనే శీర్షిక కింద నమోదు చేశాను.

పెద్దమేడం పెట్టె దగ్గరికి లాక్కుని, "సరే, చెయ్యి చాపు," అన్నారు. చాచిన అరచేతిలో గులాబీ రంగు గీశారు. నిగనిగలాడింది. నీలం కూడా నిగనిగలాడింది. "చూశావా? ఈ చెయ్యి ఎవరిది? నీదే. నువ్వెవరు? పన్నెండు. అయిపోయింది." (అరచేతిలో వైకుంఠం చూపించడమనే మాట పుట్టించినవాళ్లు కూడా ఎక్కడో ఓ పరీక్షా విభాగంలో పనిచేసే ఉంటారు.) నేను పన్నెండో గడిలో "ప్రకాశవంతం" అని కొట్టి, ఫారం తీసి చెల్లెలి ముందు పెట్టాను.

"సంతకం పెట్టెయ్యవే," అన్నాను మెల్లగా. "ఒక్క గీత. ఉద్యోగం ఖాయమైపోతుంది."

"కళ్లకి పెట్టుకునేది ఎవరైనా అరచేతికి పెట్టుకుంటారా అక్కా?"

"నీకెందుకే ఆ గొడవ?"

"ఎందుకంటావేంటి? నాలాంటి పిల్లే ఈ పెట్టె కొనుక్కుని అద్దం ముందు కూర్చుంటుంది. పొడి బాగోలేదనుకోదు, తన మొహమే బాగోలేదనుకుంటుంది. ఇన్నాళ్లూ నేను అనుకున్నట్టే."

ఆ అత్తల పక్కన, ఆ పిన్నుల పక్కన కూర్చుని నేనూ నవ్విన రోజులు ఉన్నాయి. (ఆఫీసు వేళల్లో పాత సంగతులు తలుచుకోవడానికి వీల్లేదు గనక టైపు మిషను దుమ్ము దులిపాను.) చెల్లెలు నా టేబుల్ మీది పెన్ను తీసుకుని "ప్రకాశవంతం" మీద అడ్డగీత గీసి, పక్కన "కనబడలేదు" అని రాసి, కింద సంతకం పెట్టింది.

అనుమతించిన పదాల్లో లేని పదం ఫారంలోకి ఎక్కడం విభాగం చరిత్రలో అదే మొదలు. అత్యవసర కమిటీ కూర్చుంది. ఇరవై నిమిషాల్లో లేచింది. ముందుగా, నిర్భయంగా నిజం చెప్పినందుకు మా చెల్లెలికి ఓ అభినందన పత్రం ఇచ్చారు. తర్వాత తీర్మానం చదివారు: నిపుణులు లోతుగా పరిశీలించిన మీదట మనుషుల రంగులు పదకొండేనని తేలింది. లేని నంబరులో ఉద్యోగం ఖాయం చేసే ప్రశ్న తలెత్తదు.

"నిన్నెవరూ తీసెయ్యలేదమ్మా," అన్నారు పెద్దమేడం, ఎంతో ఆప్యాయంగా భుజం తట్టి. "నీ రంగొక్కటే తీసేశాం."

చెల్లెలు సంచీ భుజాన వేసుకుంది. అభినందన పత్రం నా టేబుల్ మీదే వదిలేసి, నా మొహం చూడకుండా మెట్లు దిగింది. వెనకాలే వెళ్దామని లేచాను. ఈలోగా ఫారం కొత్తగా కొట్టాలని కబురొచ్చింది, కూర్చున్నాను.

సాయంత్రానికల్లా "అందరికీ" నూటికి నూరు మార్కులతో గట్టెక్కింది. పదకొండు గళ్ల కొత్త ఫారంలో ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదని పెద్దమేడం అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు.