కదలకుండా కూర్చోండి

డిసెంబరు ఇరవై రెండో తారీకు పొద్దున ఎనిమిది గంటల పడవలో నోలీన్ పండగ సామాను కొనడానికి ద్వీపం నుంచి ఇన్వర్‌కార్గిల్ పట్నం బయలుదేరింది. జాబితా చిన్నదే: మాంసం కొట్టు మర్వ్‌కి చెప్పి ఉంచిన పొగబెట్టిన పంది తొడ, లాగితే టప్‌మని పేలే కాగితపు గొట్టాలు ఒక పెట్టె, పావ్‌లోవా కేకు మీదికి స్ట్రాబెర్రీలు, మనవలిద్దరికీ బొమ్మలు. ద్వీపం మొత్తానికి ఉన్నది ఒక్కటే కొట్టు. పండగ వారం వచ్చేసరికి అందులో మిగిలేవి కొవ్వొత్తులూ గేలాలూ మాత్రమే.

సామాను ఒక ఎత్తు, పందెం ఒక ఎత్తు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా క్రిస్మస్ భోజనం నోలీన్ ఇంట్లోనే జరుగుతోంది. భర్త ఆల్ఫ్ పోయిన ఏడాది కూడా ఆ బల్ల ఖాళీగా లేదు. ఈసారి కోడలు బ్రయనీ అడ్డం తిరిగింది. "నిలబడితే తూలిపోతున్నారు అత్తయ్యా. వేడి వేడి పళ్ళెం చేతిలో ఉండగా తూలితే ఏం గాను? ఈ ఏడు పట్నంలో, మా ఇంట్లో" అంది. కొడుకు క్రెయిగ్‌ని అడిగితే, మీరూ మీరూ తేల్చుకోండని చెప్పి కారు కిందకి దూరాడు. చివరికి తేల్చుకున్నది ఇదీ: ఎవరి సాయం లేకుండా నోలీన్ సామానంతా కొనుక్కుని సాయంత్రం పడవెక్కితే భోజనం ద్వీపంలో. లేకపోతే పట్నంలో.

తూలడం అబద్ధం కాదు. ఏడేళ్ళ కిందట నోలీన్ చేపల పడవలో వంటకి వెళ్ళి, పది రోజుల తర్వాత ఒడ్డున దిగింది. ఆమె సముద్రంలోంచి దిగింది కానీ సముద్రం ఆమెలోంచి దిగలేదు. నేల మీద నిలబడితే అల, మంచం మీద పడుకుంటే అల. చెవుల డాక్టరు చెవులు బాగానే ఉన్నాయని, లెక్క తప్పింది బుర్రేనని తేల్చి, ఆ జబ్బుకి ఫ్రెంచిలో ఏదో పేరు చెప్పాడు. ద్వీపంలో ఎవరికీ నోరు తిరగక దాన్ని "నోలీన్ అల" అన్నారు. అందులో చిత్రమేమిటంటే, పడవెక్కినా కారెక్కినా, అది కదులుతున్నంతసేపూ మనిషి గుంజలా నిక్షేపంగా ఉంటుంది. ఆగితేనే తంటా. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా జనం సానుభూతిగా తల ఊపి, ఒక కుర్చీ తెచ్చి వేస్తారు.

రేవులో బ్రయనీ కారుతో కాచుకుని ఉంది.

"పడవలో బాగా ఇబ్బంది పడ్డారా?"

"పడవలో హాయిగా నిద్రపోయానమ్మా. ఇబ్బంది ఇప్పుడు మొదలవుతుంది."

"ఆ పడవ గురించి అందరూ ఊరికే గోల చేస్తారు లెండి. ఒక్క గంట కదలకుండా కూర్చుంటే ఏమవుతుంది?" అంది బ్రయనీ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆవిడ మధ్యనున్న ఆ జలసంధిని దాటిందల్లా చిన్న విమానంలోనే.

మర్వ్ దగ్గర పని చిటికెలో అయింది. గుడ్డ సంచిలో పంది తొడ, అదీ చంటిపిల్లవాడంత బరువు, తోపుడు బండిలో పెట్టుకుని నోలీన్ పెద్ద బజారు కొట్టులోకి దూసుకుపోయింది. ఆగకూడదు, అంతే. నడుస్తూనే గొట్టాల పెట్టె అందుకుంది, నడుస్తూనే స్ట్రాబెర్రీలు ఏరింది, బొమ్మల వరస చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి రెండు బొమ్మలు పట్టింది. ఎదుటి కాఫీ కొట్టులో కూర్చుని కాపలా కాస్తున్న బ్రయనీకి కాస్త కంగారు పుట్టింది. అత్తగారు గెలిచేలా ఉంది.

అప్పుడు డబ్బు కట్టే చోట వరస వచ్చింది. ముందు ఏడుగురు. నోలీన్ ఆగక తప్పలేదు, కాళ్ళ కింద గచ్చు లేవకా తప్పలేదు. దానికి ఆమెకు తెలిసిన చిట్కా ఒకటే: అల ఎటు పోతే తనూ అటు ఊగడం. ఎడమకి, కుడికి, ఎడమకి. ఆ పక్కనే చర్చి ఆడవాళ్ళు పండగ పాటలు పాడుతున్నారు. వాళ్ళ పెద్దావిడ ఇది చూసి కరిగిపోయింది.

"అయ్యో తల్లీ, ఎంత లీనమైపోయావు!" అంటూ వచ్చి నోలీన్ చేతిలో చిరుగంటలు పెట్టింది. "ఏమర్రా, మీరూ ఊగండి! పండగ కదా!"

వరసలో వాళ్ళు మొదట సిగ్గుపడ్డారు, తర్వాత ఊగారు. గల్లాపెట్టె పిల్లా ఊగింది. తన ఒక్కదానికే కదిలే లోకం ఇప్పుడు నిజంగానే కదలడం మొదలుపెట్టేసరికి నోలీన్‌కి ఏ అల తనదో, ఏది ఊరివాళ్ళదో తెలియలేదు. మొహం పాలిపోయింది. ఎవరో చప్పున కుర్చీ తెచ్చారు.

"కదలకుండా కూర్చోండి!"

"కూర్చుంటే ఎక్కువవుతుందమ్మా, నన్ను నడవనీ—"

"మాట్లాడకండి, కదలకుండా కూర్చోండి!" అన్నారు నలుగురు. కూర్చుంది. ఎక్కువైంది. కొట్టు మేనేజరు ట్రెవర్ పరుగెత్తుకొచ్చాడు. ఆయన కిందటి వారమే ప్రథమ చికిత్స తరగతి పూర్తి చేసి, ఎవరి మీద ప్రయోగిద్దామా అని చూస్తున్నాడు. నోలీన్‌ని నేల మీద పడుకోబెట్టించాడు.

"కాళ్ళు ఎత్తులో ఉండాలి. బండిలోంచి ఎత్తుగా ఉన్నదేదైనా తీయండి!"

తీశారు. ఆమె మడమలు రెండూ దాని మీద పెట్టి గట్టిగా అదిమారు.

"నాయనా, అది నా పంది తొడ!"

"కలవరిస్తోంది. అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి" అన్నాడు ట్రెవర్.

అంబులెన్సు కదలగానే నోలీన్ లేచి కూర్చుని, ఒళ్ళో పంది తొడ సర్దుకుని, మంచినీళ్ళడిగింది. అంబులెన్సు మనిషి హేమి నాడి చూశాడు. బ్రహ్మాండంగా ఉంది. కాగితం మీద "తగ్గింది" అని రాశాడు. ఎర్రదీపం దగ్గర బండి ఆగింది. నోలీన్ మొహం సున్నం కొట్టినట్టయింది. హేమి దాన్ని కొట్టేసి "తిరగబెట్టింది" అని రాశాడు. పచ్చదీపం వెలిగింది, నోలీన్ మర్వ్ వాళ్ళావిడ మోకాలి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. మూడో ఎర్రదీపానికి హేమి కలం మూసేశాడు.

"అమ్మా, నిజం చెప్పండి. మిమ్మల్ని బతికించాలంటే నేనీ బండిని ఊరంతా తిప్పుతూనే ఉండాలా?"

"తిప్పితే కాదనను నాయనా. అయిదు గంటలకి నా పడవుంది."

ఆసుపత్రిలో రెండు గంటలు కదలకుండా పడుకోబెట్టారు. బ్రయనీ మిగతా సామాను తనే కొని, సంచులతో వచ్చింది.

"పందెం పందెమే అత్తయ్యా" అంది మెల్లగా. పొగరుగా అన్నా బాగుండేది, జాలిగా అంది. "మీతో పాటు ఇవాళే వస్తాను. బట్టలు సర్దుకుని రేపొద్దున్న పడవలో ఇద్దరం వచ్చేద్దాం. విమానంలో సీట్లు లేవట."

నోలీన్‌కి ఏడుపు వచ్చింది. ఆల్ఫ్ కుర్చీ, పొడుగు బల్ల, కిటికీలోంచి రేవు, అవన్నీ పండగ నాడు ఒంటరిగా ఉంటాయి. అయినా మాటంటే మాటే. సరేనంది.

పడమటి గాలి ఆ సాయంత్రానికే కాచుకుని ఉన్నట్టు లేచింది. పడవ రేవు దాటగానే ముక్కు ఆకాశానికెత్తి కింద పడేసింది. పావుగంటలో ప్రయాణికులంతా తలలు వాంతి సంచుల్లో దూర్చారు. నోలీన్ ఒక్కతే ఏడేళ్ళ వయసు తగ్గినట్టు పొద్దుటినుంచి ఎవరికీ వదలని పంది తొడని చంకలో పెట్టుకుని నిటారుగా నడుస్తూ, పడవ కుర్రాళ్ళకి బదులు సంచులు పంచిపెట్టింది. బ్రయనీకి మూడిచ్చింది.

"అత్తయ్యా… దీన్ని ఆపడం ఎలా?"

"కదలకుండా కూర్చోమ్మా" అంది నోలీన్.

బ్రయనీ కూర్చుంది. నాలుగో సంచి అడిగింది. కాసేపటికి తలెత్తి, తడి కళ్ళతో అత్తగారిని చూసింది.

"మీకు… నేల మీద ఇలాగే ఉంటుందా? రోజూనా?"

"రోజూ. ఆదివారాలు కూడా."

ద్వీపంలో దిగాక బ్రయనీ రేవు చెక్కల మీద చతికిలబడి, అక్కడినుంచే విమానం వాళ్ళకి ఫోన్ చేసింది. ఇరవై ఏడో తారీకు దాకా సీటు లేదన్నారు. తర్వాత మొగుడికి చేసింది.

"రేపు పిల్లల్ని తీసుకుని పడవలో వచ్చెయ్. భోజనం ఇక్కడే."

"మరి పందెమో?"

"ఏం పందెం? నేను చచ్చినా మళ్ళీ ఆ పడవెక్కను క్రెయిగ్!"

ఈలోగా ఆగిన నేల నోలీన్ కాళ్ళ కింద లేవడం మొదలైంది. ఆమె కోడలి భుజం పట్టుకుంది. బ్రయనీ చుట్టూ చూసింది. పక్కనే కూర్చునే బల్ల ఉంది, కానీ దాని జోలికి పోలేదు. లేచి అత్తగారి చెయ్యి తన చేతిలో వేసుకుంది.

"పదండి అత్తయ్యా, ఇంటిదాకా ఎక్కడా ఆగకుండా నడుద్దాం."

పండగ నాడు ఆల్ఫ్ కుర్చీ ముందు పంది తొడ దర్జాగా కూర్చుంది. దాని మీద ఆ రెండు గుంటలేమిటని మనవలు అడిగితే, అది పట్నంలో చేసే ప్రథమ చికిత్స అని నోలీన్ చెప్పింది.