మూడువందల నలభై రెండు గ్రాముల చక్కెర

ఆ ఉదయం ఇల్లాలి పథకం చాలా చిన్నది: కూతురు స్నానం చేసి రాగానే చక్కెర సీసా చేతికిచ్చి బడికి పంపడం. రసాయనశాస్త్రం మౌఖిక పరీక్షలో రెండుసార్లు తప్పిన పిల్లకు ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే మళ్ళీ అదే తరగతి. ఏదైనా పదార్థాన్ని తూచి తీసుకెళ్ళి, అందులో అణువులెన్నో చెప్పాలి. ఇంట్లో ఉన్న చక్కెరంతా ఊడ్చి తూస్తే సరిగ్గా మూడువందల నలభై రెండు గ్రాములు వచ్చింది. అంత చక్కెరలో అణువులు సుమారుగా ఆరు పక్కన ఇరవైమూడు సున్నాలని పిల్ల నిద్రలో కూడా పలవరిస్తోంది.

తండ్రి టీ పెట్టుకున్నాడు. చక్కెర డబ్బా ఖాళీ. పక్కనే సీసా నిండుగా ఉంది.

"నాన్నా, నా సీసా ముట్టుకోకు!" స్నానాలగదిలోంచి కేక.

"నేనెందుకు ముట్టుకుంటానే!" అంటూ రెండో చెంచా వేసుకున్న ఆయన, కంగారుగా మూత పెట్టబోయి సీసాను దొర్లించాడు. అప్పుడే తుడిచిన తడి గట్టంతా చక్కెర పరుచుకుంది.

"తీసుకుంది రెండు చెంచాలేగా!"

"ఆ రెండు చెంచాల్లో ఎన్ని సున్నాలున్నాయో తెలుసా మీకు?" ఇల్లాలు నెత్తి పట్టుకుంది.

"దీనికింత రాద్ధాంతమా? కాస్త వేడి చూపిస్తే అదే ఆరుతుంది," అని నాన్నమ్మ అంతా గిన్నెలోకెత్తి పొయ్యి మీద పెట్టింది. ఇల్లాలు చక్కెర కోసం కొట్టుకు పరుగెత్తింది. ఇంకా తెరవలేదు. తిరిగొచ్చేసరికి చక్కెర కరిగి, ఎర్రబడి, నాన్నమ్మ వంపిన పళ్ళెంలో రాయిలా గడ్డకట్టింది. ఆమె దాన్ని పగలగొట్టి ముక్కల్ని సీసాలో వేస్తూ, "చూడు, చుక్క తడి లేదు," అంది.

పిల్ల ఏడవలేదు. అందుకే అందరికీ భయమేసింది.

"నా పని అయిపోయిందమ్మా," అని సీసా పట్టుకుని నడిచింది. వెనకే వెళ్ళిన తల్లి పరీక్ష గది కిటికీ దగ్గర నిలబడింది.

"ఏంటమ్మా ఇది?" మాస్టారు అడిగాడు.

"పొద్దుటిదాకా చక్కెర సార్."

ముక్కల్ని తూచి, "మూడువందల పది గ్రాములు. అణువులెన్ని?" అన్నాడు.

"చెప్పలేను సార్. మాడిపోయింది, నీరు ఆవిరైపోయింది. ఇప్పుడిందులో ఏమేం మిగిలాయో తెలీదు. ఏ పదార్థమో తెలీకుండా ఉత్త బరువుతో లెక్క ఎలా కట్టను?"

కిటికీ బయట తల్లి కళ్ళు మూసుకుంది.

మాస్టారు కళ్ళజోడు తీశాడు. "పొద్దున్నుంచి ఏ సీసా చూపించినా అందరూ అవే సున్నాలు అప్పజెప్పారు. ఒకడు ఖాళీ సీసాకి కూడా! ఆలోచించింది నువ్వొక్కదానివే. పాసయ్యావ్, వెళ్ళు."

ఆ సాయంత్రం "నేను టీ తాగబట్టే పాసైంది," అని తండ్రి, "నేను ఆరబెట్టబట్టే," అని నాన్నమ్మ కీచులాడుకున్నారు. ఇల్లాలు ఎవరి పక్షమూ వహించలేదు. ఆమె రుద్దుతున్న గిన్నెలోంచి ఒక్క అణువు కూడా ఊడిరావడం లేదు.