జూలై ఒకటిన పుట్టినవాళ్ళు

శనివారం పొద్దున్నే కాఫీ తాగి, కుటుంబం వాట్సాప్ గ్రూపులో వంశవృక్షం పెట్టేసి, తొమ్మిదింటికి రైతుబజారుకు వెళ్ళాలన్నది కూకట్‌పల్లి రామ్మోహనరావు పథకం. ప్రభుత్వోద్యోగం చేసుకుంటూనే మూడేళ్ళపాటు చుట్టాలను ఫోన్లలో పీడించి, తాత రామబ్రహ్మంగారి నోటుపుస్తకంతో సరిచూసి, నూట నలభై మందికి అసలైన పుట్టిన తేదీలు రాశాడాయన.

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కొడుకు ఆదర్శ్ అది చూసి కంగారుపడ్డాడు. "నాన్నా, పోయినవాళ్ళవి ఉంచండి. బతికున్నవాళ్ళ తేదీలు తీసెయ్యండి. వాళ్ళనడక్కుండా పెట్టకూడదు."

"దాచుకోడానికి మనదేమన్నా దొంగల వంశమట్రా?" అని రామ్మోహనరావు పంపేశాడు.

పది నిమిషాల్లో చెల్లెలు వాసంతి ఫోను. "అన్నయ్యా, నా అసలు తేదీ పెట్టమని నిన్నెవరడిగారు? బళ్ళో మాస్టారు జూలై ఒకటి, అరవై ఆరు అని రాశారు. గవర్నమెంటుకి తెలిసింది అదే. నువ్వు అరవై నాలుగు చేశావు. నీ లెక్కన అరవయ్యొకటి నిండి, నేను మొన్న ఆగస్టులోనే రిటైరైపోయాను."

ఆ ఊరి మాస్టారు బడిలో చేరిన ప్రతి పిల్లనూ పిల్లాడినీ జూలై ఒకటినే పుట్టించేవారు. ఏడాది మాత్రం ఆయన దయ.

"ఉన్నది రాశాను. నిజం రాస్తే తప్పా?"

"వచ్చే నెల నాకు ప్రమోషను. ఆఫీసులో నా తర్వాత వరసలో ఉన్నది మా వియ్యంకుడి తమ్ముడు శేఖర్. ఆయనా గ్రూపులోనే ఉన్నాడు. ఏం పెట్టాడో చూశావా?"

శేఖర్ పెట్టింది పూలగుత్తి. కింద, "వదినగారికి అరవయ్యొకటో పుట్టినరోజు శుభాకాంక్షలు, కాస్త ఆలస్యంగా."

అయినా అన్నగారు తీయనన్నాడు. వాసంతికి ఒళ్ళు మండి గ్రూపులోనే రాసింది. "ఈ వృక్షాన్ని ఎవరూ నమ్మకండి. ఇందులో మా అన్నయ్య నాకన్నా పదకొండు నెలలు చిన్నవాడు."

నిజమే. అందరికీ నోటుపుస్తకం చూసిన మనిషి, తనకు మాత్రం సర్వీసు రిజిస్టరు చూసుకున్నాడు. చుట్టాలంతా నవ్వుతున్న బొమ్మలు పెట్టారు.

మూడేళ్ళ పరిశోధనను తప్పుల తడక అంటే ఎవరికి కాలదు? రామ్మోహనరావు ఊగిపోతూ తాతగారి నోటుపుస్తకం తెరిచి, వాసంతి పుట్టుక ఉన్న పేజీని ఫోటో తీసి రుజువుగా పెట్టాడు. ఆ పేజీలో వాసంతికి సరిగ్గా పై వరసలోనే, తాతగారి గుండ్రటి అక్షరాల్లో, చిరంజీవి రామ్మోహన్ ఉన్నాడు. పంతొమ్మిది వందల అరవై రెండు.

"బావగారు కూడా రిటైరయ్యారన్నమాట. చెప్పనేలేదు," అన్నాడు శేఖర్.

గ్రూపులోని చుట్టాల్లో తన ఆఫీసువాళ్ళు ముగ్గురున్నారని రామ్మోహనరావుకు అప్పుడు గుర్తొచ్చింది. "ఒరే ఆదర్శ్, ఇది తీసెయ్యడమెలారా? మనిషినడక్కుండా మనిషి తేదీ పదిమందిలో పెట్టడం ఎంత అన్యాయం!"

"తీసేస్తాను గానీ, ముందు శేఖర్ గారిని ఆయన గడి చూసుకోమనండి," అన్నాడు ఆదర్శ్. శేఖర్ చూసుకున్నాడు. వాళ్ళమ్మగారు చెప్పిన తేదీ అది, ఆఫీసు రికార్డుకన్నా ముందుది. ఆయనా జూలై ఒకటి మనిషేనట. నిమిషంలో పూలగుత్తితో సహా అన్నీ చెరిపేసి, గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. వాసంతి ప్రమోషనుకు ఆయన మళ్ళీ అడ్డు రాలేదు.

సాయంత్రానికి కొత్త వంశవృక్షం వచ్చింది. పోయినవాళ్ళకు తేదీ, తిథి, నక్షత్రం అన్నీ ఉన్నాయి. బతికున్నవాళ్ళకు పేరు మాత్రమే ఉంది. రామ్మోహనరావు అయితే అందులో అసలు పుట్టనేలేదు.