లిదియా టీచరు ఫారిన్ ప్రయాణం

ఆ శనివారం ఉదయం లిదియా టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు తిని, బడి నుంచి తెచ్చుకున్న అట్లాసు తెరిచి, వేసవి సెలవుల్లో తాను ఒంటరిగా వెళ్లబోయే పరాయి దేశమేదో భోజనాల వేళకల్లా తేల్చేయాలి. అంతే. ఇంత చిన్న పథకం వీధి వీధినంతా బస్సెక్కిస్తుందని పాపం ఆవిడకేం తెలుసు!

లిదియాకు నలభై ఆరేళ్లు. చాలా ఏళ్లుగా యానాం బడిలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతోంది. ఆల్ప్స్ పర్వతాలు ఎక్కడున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది కానీ, పడవెక్కి గోదావరి అవతలి ఒడ్డున ఎదుర్లంకకు వెళ్లాలన్నా పక్కన నలుగురు ఉండాల్సిందే. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు పౌలు, మరదలు రూతు, వాళ్ల పిల్లలతో కలిసి ఉంటోంది. దువ్వెన కనబడకపోతే "అక్కా", పాలు పొంగితే "వదినా", లెక్క తప్పితే "అత్తా", గుమ్మం దాటితే "టీచరుగారూ". కాఫీ వేడిగా ఉండగా చివరిదాకా తాగిన రోజు ఆవిడకు గుర్తు లేదు.

ఆవిడకు మంచుకొండలు చూడాలని లేదు, మేడలు చూడాలని లేదు. ఎవరూ పిలవని చోట కొన్నాళ్లు ఊరికే కూర్చోవాలని ఉంది. ఆ మాట తలుచుకుంటే ఒక్కోసారి ఏడుపొచ్చేది కూడా. స్వదేశంలో అలాంటి చోటు లేదని ఆవిడ నమ్మకం. విశాఖపట్నం వెళ్లినా ఎవడో పాత శిష్యుడు ఎదురుపడి, దణ్ణం పెట్టి, భోజనానికి ఇంటికి లాక్కుపోతాడు.

అందుకని అట్లాసు ముందు రెండే షరతులు పెట్టుకుంది. ఖర్చు తక్కువ ఉండాలి, యానాం వాళ్లెవరూ ఉండకూడదు. ప్యారిస్ మీద వేలు పెట్టి వెంటనే తీసేసింది. డబ్బు మాట దేవుడెరుగు, యానాంలో వీధికొకరి చుట్టం ఫ్రాన్సులో ఉన్నాడు. అక్కడ విమానం దిగితే ఊళ్లోని కనకాలపేటలో దిగినట్టే. సింగపూరుకు పోవడానికే ఉన్నదంతా అయిపోతుంది, ఇక రావడానికి ఉండదు. కొలంబోలో గొడవలని రేడియో రోజూ చెబుతోంది. మిగిలింది నేపాలు. పాస్‌పోర్టు అక్కర్లేదు. హౌరా మీదుగా రైల్లో రక్సాల్ చేరి సరిహద్దు దాటితే చాలు, పరాయి దేశం. అన్నిటికంటే గొప్ప విషయం, అక్కడ యానాం మనిషి ఒక్కడు కూడా లేడు.

ఇక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ లిదియా భక్తిపరురాలు. ప్రార్థన చేయించకుండా ఏ పనీ మొదలుపెట్టి ఎరగదు. సాయంత్రం గుడి దగ్గరికెళ్లి పాస్టరు అయ్యగారికి ప్రార్థన మనవి చెప్పుకుంది.

"ఇది దేవుడికీ మీకూ నాకూ మధ్య మాటండి అయ్యగారూ. మూడో కంటివాడికి తెలియకూడదు."

"అంత చెప్పాలా అమ్మా! రహస్యం రహస్యంగానే ఉంటాది."

అయ్యగారు అబద్ధమాడే మనిషి కాదు. అయితే ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరు మనవి ఇచ్చినా ఆదివారం ఆరాధనలో పైకి చెప్పి, అందరి చేతా ప్రార్థన చేయిస్తారు. ఆయన మాటా తప్పలేదు, ఆచారమూ తప్పలేదు.

"ఒక సహోదరి పేరు చెప్పొద్దని కోరారు, కాబట్టి నేను చెప్పను," అన్నారు మర్నాడు. "మన బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఆ సహోదరి, ఇప్పుడు మూడో బెంచీలో నీలం చీర కట్టుకుని కూర్చున్న ఆ సహోదరి, వేసవి సెలవుల్లో ఒంటరిగా నేపాలు దేశం వెళ్లాలని ఆశిస్తున్నారు. ప్రార్థిద్దాం."

కళ్లు మూసుకోవలసిన సమయంలో గుడిలో అందరి కళ్లూ నీలం చీర మీదే ఉన్నాయి.

ఆరాధన ముగియగానే జోసెఫిన్ మామ్మ చెయ్యి పట్టుకుంది. సంఘంలో అందరికంటే పెద్దది, అందరికంటే గొంతున్నది ఆవిడే.

"ఒంటరిగా ఏటే లిదియా? నీకెవరూ లేరా? మేమందరం చచ్చిపోయామా?"

"అది కాదు మామ్మా, ఊరికే..."

"ఊరికే ఎవరైనా ఒంటరిగా పోతారంటే? నేనొస్తాను పద. నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను."

ఇంటికి వచ్చేసరికి రూతు పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. "ఊళ్లో ఏమంటున్నారో తెలుసా వదినా? నేను తిండి సరిగా పెట్టటం లేదని నువ్వు దేశాలు పట్టిపోతున్నావంట!" పౌలు ముఖం గంటు పెట్టుకుని, "పరువు పోయిందక్కా. మేమూ వస్తాం. అందరం కలిసి నీ కూడా ఉంటే ఇంకెవడూ నోరెత్తడు," అని తీర్మానించాడు.

అంతలో పిట్టగోడ మీంచి పక్కింటి వరలక్ష్మి తల పైకొచ్చింది. వాళ్లు కాకినాడ వైపు నుంచి వచ్చి యానాంలో కిరాణా కొట్టు పెట్టుకున్న వాళ్లు. "టీచరుగారూ, నేపాలంటే కాశీ మీదుగానే కదండీ వెళ్లేది?"

పాఠం చెప్పి చెప్పి అలవాటైన నోరు. "వెళ్లొచ్చు. కాశీ, అక్కణ్ణించి గోరఖ్‌పూరు, ఆ తరువాత సరిహద్దు," అనేసింది లిదియా. అని నాలుక కరుచుకుంది.

వరలక్ష్మి భర్త పాపారావుకు ఆ ఒక్క ముక్క చాలు. చీకటి పడేలోపు ఎవరినో పట్టుకుని బస్సు మాట్లాడేశాడు. "కాశీ మాకు, కొండలు మీకు, గొడుగులూ టార్చిలైట్లూ అందరికీనండి! ఖాట్మండులో ఫారిన్ సరుకు చవగ్గా ఉంటాదంట. వంటమనిషి మనోడే, గిన్నెలు మనవే. మీరే లీడరు టీచరుగారూ, ఆయ్!"

లిదియా ఊరుకోలేదు. జనాన్ని బెదరగొట్టడానికి తన శాస్త్రమంతా బయటికి తీసింది. అక్కడ చలి ఎముకలు కొరుకుతుందని చెప్పింది. రోహిణి కార్తె ఎండలో వీధి వీధంతా కోతిటోపీలు అల్లడం మొదలుపెట్టింది. అక్కడ మన తిండి దొరకదని చెప్పింది. ఇంటికో జాడీ చొప్పున ఆవకాయ, రొయ్యల పచ్చడి సిద్ధమయ్యాయి. ఆఖరికి తెగించి, దారిలో దొంగలుంటారని చెప్పింది.

"దొంగలా!" అంది జోసెఫిన్ మామ్మ గుండె మీద చెయ్యి వేసుకుని. "చూశారా, దీన్ని ఒంటరిగా పంపితే ఏమయ్యేదో! ఇంకో పదిమందిని పిలవండర్రా."

బయల్దేరే రోజు తెల్లవారుతూనే బస్సు వచ్చింది. ముందు ప్రార్థనా, ముందు కొబ్బరికాయా అని కాసేపు తర్జనభర్జన జరిగి, అయ్యగారు ప్రార్థన చేస్తుండగా పాపారావు కాయ కొట్టాడు. 'ఆమేన్'కీ కాయ పగలడానికీ సరిగ్గా సరిపోయింది, అందరూ శుభశకునం అనుకున్నారు. అయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ కూడా బస్సులోనే ఉన్నారు మరి. మంద వెళుతుంటే కాపరి ఇంట్లో ఎలా కూర్చుంటాడు?

లీడరు గనక లిదియాకు డ్రైవరు పక్కన, ఇంజను మీద సీటిచ్చారు. ఒళ్లో రూతు పచ్చడి జాడీ, కాళ్ల దగ్గర మామ్మ ఉమ్ములగిన్నె. బస్సు కదిలిన మరుక్షణం నుంచి మొదలైంది. "టీచరుగారూ, కిటికీ తెరుచుకోవట్లేదండి!" "అత్తా, వాడు నన్ను గిల్లాడు!" "లిదియా, కాశీ వచ్చిందా?" బస్సు ఇంకా యానాం దాటలేదు. ముందున్న దారంతా తలుచుకుని ఆవిడ జాడీని గుండెలకు హత్తుకుంది. ఆవిడ వేసుకున్న ఒంటరి ప్రయాణం ఆ జాడీలో ముక్కలా నూనెలో మునిగిపోయింది.

పొలిమేర దాటగానే ఆంధ్రా చెక్‌పోస్టు. యానాంలో చవగ్గా దొరికే మందు సీసాలు బయటికి పోకుండా అక్కడ బస్సులు ఆపి చూస్తారు. జవాను బస్సులోకి తొంగి చూసి, ఇన్ని జాడీలు ఒక్కచోట తన సర్వీసులో చూడలేదన్నాడు. అన్నీ కిందికి దించమన్నాడు. జనమూ దిగారు. ఒక్కో మూత తీసి అతను వాసన చూస్తుండగా, పొలంలో గడ్డి మేస్తున్న గేదెను చూసి రూతు, "అన్నట్టు వరలక్ష్మిగారూ, మా కోళ్లకు నూకలు డబ్బాలో పెట్టానండి, మీకు చెప్పటం మరిచాను," అంది.

"నాకెందుకండీ?"

"మీకే కదా అప్పజెప్పాను! మేము ఊరెళ్లినప్పుడల్లా మీరేగా చూసేది!"

"అయ్యో, నేనిక్కడున్నాగా! మా గేదెను జోసెఫిన్ మామ్మగారికి అప్పజెప్పి వచ్చాను."

"నాకెప్పుడు చెప్పావే?" అంది మామ్మ. "చెప్పినా వినబడి ఉండదు. అయినా నా మేకలను అమ్మగారు చూస్తారు."

అమ్మగారు అయ్యగారి వంక చూశారు. "మా బాతులను రూతు చూస్తుందనుకున్నానండి," అన్నారు నెమ్మదిగా.

కోళ్లు వరలక్ష్మికీ, గేదె మామ్మకూ, మేకలు అమ్మగారికీ, బాతులు రూతుకూ. ఏళ్ల తరబడి ఒకరు ఊరెళితే ఒకరు చూసుకునే వీధి అది. అందరూ ఒకేసారి వెళ్లడం ఇదే మొదలు. నోరులేని జీవాలన్నీ ఖాళీ వీధిలో ఉన్నాయి, వాటిని చూడవలసిన వాళ్లంతా చెక్‌పోస్టు దగ్గర కోతిటోపీలతో నిలబడి ఉన్నారు.

"ఎవరో ఒకరు ఉండిపోవాలి," అన్నాడు పౌలు.

ఎవరూ కదల్లేదు. అందరూ ఆకాశాన్నీ, జాడీలనూ, జవానునూ చూశారు. ఆ చూపులన్నీ తిరిగి తిరిగి లిదియా దగ్గరికొచ్చి ఆగాయి.

"నువ్వంటే ఒంటిదానివి కదే," అంది మామ్మ, అప్పటికి నెలరోజులుగా ఆ మాటను ఖండిస్తూ వచ్చిన మామ్మ. "నీకు వెనకా ముందూ చూసుకోవాల్సిన వాళ్లెవరున్నారు?"

లిదియాకు చివుక్కుమంది. ఎవరి ప్రయాణం, ఎవరు దిగిపోవడం! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నోరు తెరిచి గట్టిగా నాలుగు మాటలు అనబోయింది. అంతలో అట్లాసు ముందు తాను పెట్టుకున్న రెండు షరతులూ గుర్తొచ్చాయి. తలతిప్పి బస్సు వైపు చూసింది. అక్కా అనేవాడు, వదినా అనేది, అత్తా అనేవాళ్లు, లిదియా అనేది, టీచరుగారూ అనేవాళ్లు, ఒక్కరు మిగలకుండా అక్కడే ఉన్నారు. అందరూ వెళ్లిపోతున్నారు.

"సరేలెండి, నేనే ఉండిపోతాను," అంది. గొంతులో సంతోషం బయటపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడవకక్కా," అన్నాడు పౌలు. అందరూ ఆవిడ త్యాగాన్ని మెచ్చుకున్నారు. పూర్తిగా మెచ్చుకునే లోపే ఆవిడ సీటు కోసం ఇద్దరు తగువు పడ్డారు. బస్సు కనుమరుగయ్యాక ఆవిడ వెనక్కి తిరిగి, పొలిమేర దాటి నడుచుకుంటూ యానాంలో అడుగు పెట్టింది.

కోళ్లకు నూకలు చల్లడానికి, మేకలకు ఆకు వేయడానికి ఎంతసేపు పడుతుంది? గేదె పాలు తీయడానికి పక్క వీధి మనిషిని మాట్లాడుకుంది. బాతులు ఆవిడను ఏ వరుసా పెట్టి పిలవలేదు. ఆ ఉదయం కాఫీ కలుపుకుని, అరుగు మీద కూర్చుని, వేడిగా ఉండగానే చివరి చుక్కదాకా తాగింది. తాగి, ఇంకోటి కలుపుకుంది. వీధిలో ఎటు చూసినా తాళాలే. ఆవిడకు ఆ తాళాలంత అందమైనవి ఎక్కడా కనబడలేదు.

సాయంత్రం మంచి చీర కట్టుకుని గోదావరి గట్టుకు నడిచింది. ఒక ఆటో పక్కన ఆగింది. డ్రైవరు బుల్లబ్బాయి ఆ నెలలోనే వచ్చినవాడు, ఆవిడను ఎరగడు.

"ఊరికి కొత్తాండీ? చూపిస్తాను ఎక్కండి."

లిదియా ఒక్క క్షణం ఆలోచించి, "కొత్తే," అంది.

బుల్లబ్బాయి పాత గుళ్లూ, పాత బంగళాలూ, దరియాలతిప్ప దారిలో పడవలూ అన్నీ చూపించాడు. "ఇదంతా ఒకప్పుడు ఫ్రెంచోళ్లదండి. ఆ రోజుల్లో మనూళ్ల నుంచి ఇక్కడికొస్తే ఫారిన్ వచ్చినట్టేనండి, ఆయ్!"

"అలాగా!" అంది ఆ ఫ్రెంచోళ్ల హయాంలో, ఆ ఊళ్లోనే పుట్టిన లిదియా.

బస్సు అనుకున్నదానికంటే ఆలస్యంగా తిరిగొచ్చింది. అందరికీ జలుబు. కోతిటోపీలు తీయనేలేదు. కాశీలో మామ్మ తప్పిపోయి, దొరికి, వెతికినవాళ్లను తిట్టింది. రూతు లిదియాకో పూలగొడుగు తెచ్చింది. తెరిస్తే మూయడానికి రాలేదు.

"నువ్వు లేక ఏం సరదా లేదు వదినా," అంది రూతు, మనస్ఫూర్తిగానే. "ఒక్కదానివీ ఎంత దిగులు పడ్డావో!"

లిదియా అవునన్నట్టు తలూపింది. మనిషి మాత్రం కాస్త ఒళ్లు చేసి, నిగనిగలాడుతోంది.

ఆ శనివారమే ఆవిడ పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లి, వచ్చే వేసవికి సింగపూరు అనుకుంటున్నానని, ఈసారైనా మూడో కంటివాడికి తెలియకూడదని మరీ మరీ చెప్పి, ప్రార్థన మనవి ఇచ్చి వచ్చింది.