రాగిదైతే ఇంకా గట్టిదండి

2008 ఆగస్టు 17, ఆదివారం. ఆ ఉదయం అల్లం పచ్చడితో రెండు పెసరట్లు తిన్నాను. తేదీతో సహా ఎందుకు గుర్తుందంటే, ఆ పెసరట్లు అరిగేలోపే తెనాలిలో నా అరవై మూడేళ్ళ పరువు అరిగిపోయింది!

అందుకే ఘంటాపథంగా చెబుతున్నాను. మన మందుల షాపుల్లో ఏది అడిగినా పదిమందికీ వినపడడం ఒక మహావరం. దాన్ని ఇబ్బంది అనేవాళ్ళు కృతఘ్నులు. గుట్టుగా మందు కొనుక్కునే జాతి ఎక్కడైనా బాగుపడిందా?

సంగతి వినండి. పేర్లు మార్చాను. ఊళ్ళను మార్చడం నా వల్ల కాలేదు.

మా మేడమీద అద్దెకుండే ఇమ్తియాజ్, తరన్నుమ్‌లకు ఎనిమిది నెలల పాప. ఆపరేషన్ కాన్పు. ఇంకో రెండేళ్ళు ఆగకపోతే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పింది. శనివారం రాత్రి కండోమ్ చిరిగింది. పొద్దున్నే కుర్రాడు వచ్చి నా పెసరట్ల ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, టీవీలో చూపిస్తారే... ఆ డెబ్బై రెండు గంటల మాత్ర... మీరు పెద్దవారు. మీరడిగితే ఎవరూ ఏమీ అనుకోరండి."

ఎంత గొప్ప లాజిక్! భార్య పోయిన ముసలాయన ఆ మాత్ర అడిగితే ఎవరైనా ఏమైనా ఎందుకనుకుంటారు?

షాపాయన వీరరాఘవయ్య చెవిలో చెప్పాను. ఆయనకు కాస్త చెవుడు. ఊరందరికీ కూడా చెవుడే అనుకుంటాడు.

"గర్భం రాకుండా వేసుకునేదా? మాస్టారూ! మాణిక్యమ్మగారు పోయి నాలుగేళ్ళయింది కదండీ!"

చూశారా ఆప్యాయత! మా ఆవిడను ఊరింకా మరచిపోలేదు. పక్కనున్నాయన నాకు బలానికి టానిక్ సిఫారసు చేశాడు. ఒకావిడ మాత్రం చటుక్కున తల తిప్పేసి, గోడమీది క్యాలెండర్‌లో ఏకాదశి వెతికింది. ఆ తల్లి చల్లగా ఉండాలి!

దగ్గుమందు కొనుక్కుని రేపల్లె రైలెక్కాను. ఈ సిగ్గే లేకపోతే మన ప్యాసింజర్లు ఏమైపోవాలి? తెనాలివాళ్ళు రేపల్లెలో కొంటారు. రేపల్లెవాళ్ళు బాపట్లలో కొంటారు. బాపట్లవాళ్ళు తెనాలి వస్తారు. ప్రాంతీయ సమైక్యత అంటే ఇది కాదూ?

రేపల్లె షాపులో మా వియ్యంకుడు ఎదురయ్యాడు. ఆయనది బాపట్ల. ఇంత దూరం దేనికొచ్చాడో ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చెరో దగ్గుమందు సీసా కొనుక్కుని, దగ్గుకుంటూ విడిపోయాం.

ఆయన ఎలాగూ రేపల్లెలో ఉన్నాడు కదా అని ధైర్యంగా బాపట్ల బస్సెక్కాను. అక్కడి షాపతను మంచివాడు. నలుగురూ ఉన్నారని గొంతు తగ్గించాడు.

"మాత్ర అయిపోయిందండి. దానికి మూడు రోజులే గడువు, ఆలస్యమయ్యేకొద్దీ పట్టు తగ్గుద్ది. రాగిదైతే ఇంకా గట్టిదండి. అయిదు రోజుల దాకా పనిచేస్తది. మీ ఊళ్ళోనూ ఉంటది."

మా ఊరిదాకా ఎందుకు? పక్క కిరాణా కొట్లోనే రెండు కిలోల రాగిపిండి తీసుకున్నాను. డిగ్రీ చదివినవాణ్ణి, జావ చిక్కగా కాచుకోమని చెప్పాలని కూడా గుర్తుపెట్టుకున్నాను!

సాయంత్రం తరన్నుమ్ పాపను భుజాన వేసుకుని పిండి వైపు చూసింది, నా వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

"బాబాయ్‌గారూ, రాగంటే కాపర్ అండీ! కాపర్-టీ! కాన్పప్పుడే డాక్టరమ్మ చెప్పింది. ఈయన నన్నొక్క మాట అడిగితే పోయేది కదా!"

నవ్వు ఆపుకోలేక కూలబడింది. ఆమెను చూసి పాప కూడా నవ్వింది. ఉన్నట్టుండి ఆమె నవ్వు ఆగింది. "పొద్దుట్నించీ ఈ కుట్ల మీద చెయ్యేసుకు కూర్చున్నానండీ, మళ్ళీ కోస్తారేమోనని."

మూడు ఊళ్ళు తిరిగాను. అడగవలసిన ఒక్క మనిషిని తప్ప అందరినీ అడిగాం.

కాన్పు చేసిన డాక్టర్ ఝాన్సీలక్ష్మి క్లినిక్ మాకు రెండు వీధుల అవతలే. ఆదివారమైనా తెరిచే ఉంది, అప్పుడే వెళ్ళాం. తరన్నుమ్‌ను లోపలికి పిలిచింది. మేమిద్దరం కూడా బాధ్యతగా లేచాం. "మీరెక్కడికండీ?" అని మా ముక్కుల ముందే తలుపేసింది. ఎంత సంఘవ్యతిరేక చర్య!

తిరిగొచ్చేటప్పుడు దారిలో తరన్నుమే మాకు పాఠం చెప్పింది. ఆ మాత్ర అండం విడుదలను వెనక్కి నెడుతుందట. అప్పటికే నిలిచిన గర్భాన్ని కదిలించదట. పాలిచ్చే తల్లి కూడా వేసుకోవచ్చట. కాపర్-టీ అయితే డాక్టరే లోపల పెట్టాలి. దాని చుట్టూ ఉన్న రాగితీగ వీర్యకణాలను పనిచేయనివ్వదు. అన్నిటికన్నా నమ్మకమైనది, పైగా ఏళ్ళ తరబడి కాపలా కాస్తుంది.

"మరి ఏది ఎంచుకున్నావమ్మా?"

"రాగిదేనండి. మళ్ళీ మీరు రేపల్లె వెళ్ళక్కర్లేదు!"

ఇల్లు చేరాక ఇద్దరూ మెట్లెక్కారు. నేను కింద నిలబడి, దీని గురించి రేపు వీరరాఘవయ్య అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. పైన తరన్నుమ్ వంగి నన్ను చూసి నవ్వింది. పాప లేవకుండా, పక్కింటికి కూడా వినపడకుండా, మెల్లగా తలుపు వేసుకుంది.