జస్టిన్‌కు పల్లీలు పడవు

ఖమ్మం నగరం, ఖానాపురం హవేలిలోని చిన్నారి చుక్కలు ఇంటర్నేషనల్ ప్లేస్కూలు వారు చంటిపిల్లల చిరుతిండి రంగంలో సాధించిన విప్లవాన్ని ప్రజలకు తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. ఇంటర్నేషనల్ అని ఎందుకన్నారని ఎవరూ అడగనక్కర్లేదు. మెట్ల పక్క గోడమీద భూగోళం బొమ్మ ఉంది.

ఈ విప్లవానికి కారకుడు నాలుగేళ్ల జస్టిన్. వాళ్లమ్మ మహిమ ముదిగొండలో ఒక విత్తనాల ఆఫీసులో గుమస్తా. రోజూ వాణ్ణి స్కూటీ ముందు నిలబెట్టుకుని వచ్చి బళ్లో దింపి, అటునుంచి అటే డ్యూటీకి పోతుంది. జస్టిన్‌కు పల్లీలు పడవు. రెండేళ్లప్పుడు పక్కింట్లో దోశతోపాటు పల్లీ చట్నీ నాకితే పెదాలు ఉబ్బాయి, ఊపిరి ఆడలేదు. జల్దీ దవాఖానాకు తీసుకుపోబట్టి బతికాడు. ఇంకోసారి తింటే ఏమవుతుందో చెప్పలేనన్నాడు డాక్టరు. అప్పట్నుంచి పల్లీలు వేగే వాసన వస్తే చాలు, మహిమ వాణ్ణి చంకనేసుకుని ఆ వీధి దాటేస్తుంది.

అందుకని బడి తెరిచిన రోజే ఆమె కరస్పాండెంటు కోటేష్ సారు గదికి వెళ్లి ఒక్క మాట చెప్పింది.

"సార్, మా బాబుకు పల్లీలు పడయ్. ఎవరన్న పెడితే తిననియ్యకుండ్రి. గంతే సార్."

ఆ గంతే అనడమే ఆమె చేసిన పొరపాటు. కోటేష్ సారు చిన్న విషయాన్ని చిన్నగా చూసే మనిషి కాదు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఏందమ్మా, గింత మెల్లగ చెప్తవు? అలర్జీ! హైదరాబాద్ల పెద్ద పెద్ద బళ్లల్ల క్లాసుకొకడు ఉంటడు అసుంటోడు. మనకు ఇన్నేండ్లల్ల ఒక్కడు దొరకలే!"

మర్నాడే గేటుకు ఫ్లెక్సీ కట్టారు. 'అలర్జీ ఫ్రెండ్లీ బడికి స్వాగతం' అన్న అక్షరాల కింద జస్టిన్ ఫోటో వేశారు. ముక్కు కారుతున్న ఫోటో దొరకడంతో ప్రచారానికి మరింత నిండుదనం వచ్చింది.

దీనితో మిగతా తల్లిదండ్రుల్లో కలవరం మొదలైంది. ముఖ్యంగా ఉషారాణి గారిలో. ఆమె పేరెంట్స్ కమిటీ అధ్యక్షురాలు. ఆమె కూతురు బర్త్‌డే కేకు మీద పెట్టిన ప్లాస్టిక్ గులాబీని కూడా నమిలి మింగి, హాయిగా నిద్రపోయిన పిల్ల. "మా పాపకు అన్నీ పడ్తయి" అని నలుగురిలో చెప్పుకోవాల్సి రావడం ఏ తల్లికైనా కష్టమే. ఉషారాణి గారు పాపను హైదరాబాద్ తీసుకుపోయి పరీక్షలన్నీ చేయించారు. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాయి. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాకా ఆవిడ ఏడుస్తూనే వచ్చారట. కానీ భగవంతుడున్నాడు. ఇంటికొచ్చాక పాప సొరకాయ కూర ఒద్దని కంచం తోసేసింది. ఆ రాత్రే స్కూలు గ్రూపులో మెసేజ్ పడింది: మా పాపకు సొరకాయ అలర్జీ. దండం పెట్టే బొమ్మలు, కన్నీటి బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి.

ఇక ఆగలేదు. ఒకరి అబ్బాయికి పాలు పడవు. ఒకరి అమ్మాయికి గుడ్డు పడదు, ఆమ్లెట్ పడుతుంది. అరటిపండు జలుబు చేస్తుందని ఒక నాయనమ్మ స్వయంగా వచ్చి చెప్పిపోయింది. ఒక తండ్రి మాత్రం తన కొడుక్కు ఎనిమిది గంటలలోపు నిద్రలేవడం పడదన్నాడు. అదీ నమోదైంది. దేన్నీ కాదనగూడదని కోటేష్ సారు సిబ్బందికి చెప్పాడు. అలర్జీ అనేది మనోభావం, మనోభావాన్ని దెబ్బతీస్తే ఫీజు కట్టరు.

ఆరోగ్యకరమైన ప్రత్యామ్నాయ చిరుతిండి కోసం కమిటీ తీవ్రంగా కృషి చేసింది. భద్రాచలం నుంచి ఇప్పపువ్వు లడ్డూలు తెప్పించారు. ఇప్పపువ్వంటే సారా కాచే సరుకు కదా అని అనుమానం రాగా, నిజానిజాలు తేల్చే బాధ్యతను ఒక తండ్రి స్వచ్ఛందంగా నెత్తిన వేసుకుని డబ్బా మొత్తం తిన్నాడు. సాయంత్రం దాకా ఎదురుచూసి, "ఏమెక్కలే" అని నిరాశగా నివేదించాడు. దానితో లడ్డూలను జాబితాలోంచి కొట్టేశారు. మరమరాలు మిగిలాయి. అవి ఎవరికైనా పడతాయి. అందుకే కొట్టేశారు. ఎవరికి పడితే వారికి పడే వస్తువు ఇంటర్నేషనల్ బడికి పడదు.

చివరికి ఏకగ్రీవంగా ఆమోదం పొందిన చిరుతిండి గోరువెచ్చని నీళ్లు. పదకొండు గంటలకు గంట కొట్టగానే పిల్లలు వరసగా కూర్చుని నీళ్లు భుజించేవారు. తర్వాత కొన్నాళ్లకు రంగుల క్రేయాన్లు తరిగిపోసాగాయి. ఆకుపచ్చవి మరీ ఎక్కువ. చిన్నారులకు ఆకుకూరలపై మక్కువ పెరుగుతోందని టీచర్లు రిపోర్టు రాశారు.

ఇంతకీ పల్లీల సంగతేమిటి? మహిమ కూడా ఇదే అడిగింది.

"అన్నీ బందు పెట్టిండ్రు. పల్లీలు బందు పెట్టిండ్రా సార్?"

"అది జర సున్నితమైన విషయమమ్మా. సబ్ కమిటీల ఉంది" అన్నాడు కోటేష్ సారు.

సున్నితం దేనికంటే, బడి తలపెట్టిన చిరుతిండి మహోత్సవానికి ఖర్చంతా పెట్టుకుంటున్న దాత మోతీలాల్ గారు. ఆయన పల్లీపట్టీలు తయారుచేస్తారు.

మహోత్సవం రానే వచ్చింది. షామియానా వేశారు, మైకు కట్టారు. మహిమ సెలవు పెట్టి వచ్చి వెనక వరసలో కూర్చుంది. జస్టిన్‌ను మాత్రం పొద్దున్నుంచే స్టేజీ పక్కన దాచారు. వాడు ఆ రోజుకు అలర్జీ అంబాసిడర్.

మోతీలాల్ గారు మైకు అందుకున్నారు. "ఇయ్యాల్టి పిల్లలే రేపటి దేశం. దేశానికి బలం గావాలె. బలం యాడుంది? పల్లీల ఉంది! బెల్లం తోడైతే దాన్ని ఆపెటోడు లేడు! గిసుంటి అలర్జీలన్నీ మా పట్టీతోటే పోవాలని నేను దేవున్ని మొక్కుతున్న!"

జనం చప్పట్లు కొట్టారు. ఉషారాణి గారు లేచి నిలబడి కొట్టారు.

అప్పుడు జస్టిన్‌ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. శాలువాలో పిల్లవాడు కనపడకుండా పోతే వెతికి బయటికి తీశారు. మోతీలాల్ గారు ప్రేమగా పల్లీపట్టీ విరిచి, ఒక ముక్క వాడి నోటి దగ్గర పెట్టి, ఫోటోగ్రాఫరు వైపు చూసి నవ్వారు. "గట్లనే ఉండుండ్రి సార్" అన్నాడు ఫోటోగ్రాఫరు.

జస్టిన్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందులోంచి అరిచాడు.

"నాకు పడయ్! మా అమ్మ చెప్పింది!"

"తప్పు నాన్నా. పెద్దసారు పెడుతుంటే ఒద్దంటరా? మర్యాద గాదు" అంటూ కోటేష్ సారు వాడి చేతులు కిందికి లాగి పట్టుకున్నాడు.

వెనక వరసలో కుర్చీలు పడ్డాయి. మహిమ పరుగెత్తుతూ అరిచిందిగాని మైకు లేని మనిషి మాట ఎవరికి వినపడుతుంది? స్టేజీ ఎక్కేసరికి ముక్క పెదాలకు బెత్తెడు దూరంలో ఉంది. చెప్పే టైము లేదు, చేయి అడ్డంపెట్టే సందు లేదు. ఆమె వంగి, దాత చేతిలోని పల్లీపట్టీని తన నోటితో అందుకుంది. తొందరలో ఆయన చూపుడువేలు కూడా కొంత అందింది.

మోతీలాల్ గారి కేకా కెమెరా మెరుపూ ఒకేసారి వచ్చాయి.

మహిమ కొడుకుని పట్టుకుని గబగబా దిగింది. వాడు "అమ్మా" అంటూ మెడకు చుట్టుకోబోతే మొహం పక్కకు తిప్పుకుని, వాణ్ణి చేయిజాపినంత దూరంలో పట్టుకునే కొళాయి దాకా నడిచింది. సబ్బుతో చేతులు, మూతి కడుక్కుంది. పుక్కిలించింది, మళ్లీ పుక్కిలించింది. అయినా నమ్మకం కుదరక, ముద్దు మాత్రం పెట్టకుండా వాడి తలను గుండెకు అదుముకుని అప్పుడు ఏడ్చింది.

మర్నాడు పేపర్లో ఫోటో చక్కగా వచ్చింది. కింద 'దాత చేతి పల్లీపట్టీని ఆత్రంగా ఆస్వాదిస్తున్న ఓ తల్లి' అని రాశారు.

స్కూలు గ్రూపులో మాత్రం అల్లకల్లోలమైంది. విషయం అందరికీ అప్పుడే తెలిసింది. "ఆ బాబుకు నిజంగనే అలర్జీ ఉన్నదట!" అని ఉషారాణి గారు గుండెలు బాదుకున్నారు. "నిజంగ ఉన్న పిల్లల్ని మన పిల్లల పక్కన కూసోబెడ్తరా? రేపు ఏమన్న అయితే ఎవరు జిమ్మేదారి?"

కోటేష్ సారు మహిమను పిలిపించి, కుర్చీ వేసి, ఎంతో గౌరవంగా చెప్పాడు.

"చూడమ్మా, మనది అలర్జీ ఫ్రెండ్లీ బడి. అలర్జీ ఉన్నోళ్ల కోసం గాదు."

మహిమ టీసీ తీసుకుని రెండు వీధుల అవతలున్న బడికి వెళ్లింది. అక్కడ చాంది టీచరు పిల్లల చేత జామకాయ ముక్కలు తినిపిస్తోంది. మహిమ గుమ్మంలోనే నిలబడి, ఈసారి గట్టిగానే చెప్పింది.

"మా బాబుకు పల్లీలు పడయ్ టీచర్."

"అవ్నా? సరే అమ్మా, పెట్టం. ఆయమ్మకు గూడ చెప్త" అంది చాంది టీచరు.

మహిమ కదల్లేదు. మిగతాది ఎప్పుడు చెబుతుందా అని చూస్తూ నిలబడింది.

"ఇంకేందమ్మా?"

"గంతేనా?"

"గంతే."

జస్టిన్ ఇప్పుడు అక్కడే చదువుతున్నాడు. ఒంట్లో కులాసా. జామకాయలు తెగ తింటున్నాడు. చిన్నారి చుక్కలు వారు కొత్తగా ఇంకో అంతస్తు లేపుతున్నారు, వచ్చే ఏడాది సీట్లకు ఇప్పట్నుంచే సిఫారసు ఉత్తరాలు వస్తున్నాయి. చాంది టీచరు బడికి మాత్రం పిల్లలు అంతంతమాత్రమే. రారు మరి. అక్కడ ఫ్లెక్సీ లేదు, కమిటీ లేదు, అంబాసిడర్ లేడు. పిల్లవాడికి పడదంటే పెట్టరట, అంతకుమించి ఏమీ చేయరట. అంత వట్టిపోయిన బడికి పంపడానికి మీకు మాత్రం మనసొప్పుతుందా?